పిన్ని రాజ్మా, నా చిరాకు

పిన్ని ఫోను పెట్టేసి చాలాసేపయింది. చిరాకు మాత్రం పోలేదు. పిన్ని మీద కాదు లెండి, సన్నవేడి మీద గంటలకొద్దీ ఉడికించే ఆ కరెంటు పెట్టె, అదే స్లో కుక్కర్‌తో పాటు డబ్బాలో వచ్చిన వంటల పుస్తకం మీద. "ఏటే అమ్మీ, పొద్దుట్నించీ ఉడుకుతున్నాయి, ఇంకా పంటికింద టక్కుమంటన్నాయి" అంటుంది. పుస్తకంలో ఏం రాశారో చదవమన్నాను. చిల్లీ బరిటో కూర, అంటే బరిటో అనే మైదా రొట్టె చుట్టలో పెట్టుకునే చిల్లీ అనే కారం కూర: నానబెట్టిన రాజ్మా, టమాటా, ఉల్లి, కారం, నీళ్ళు అన్నీ ఒకేసారి పోసి, మూతపెట్టి, 'లో' (తక్కువ వేడి) మీద 8 గంటలు మరిచిపోండి. ఎంత హాయిగా రాసేశారో!

"ఎవరూ తినకండి పిన్నీ, పారబొయ్యి" అన్నాను. గింజ గట్టిగా ఉందని కాదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (ఒక రకం ప్రోటీన్) ఉంటుంది. అది ఉండిపోయిన గింజలు నాలుగైదు లోపలికెళ్ళినా చాలు, గంట నుంచి మూడు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి, ఆ తర్వాత విరేచనాలు. అది పోవాలంటే నీళ్ళు తెర్లాలి. 'లో' మీద స్లో కుక్కర్ లోపలి వేడి చాలాసార్లు 80 డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. ఆ వేడికి గింజ మెత్తబడినా లెక్టిన్ పోదు, పచ్చిగింజలో కన్నా దాని తీవ్రత పెరగొచ్చు కూడా. మెత్తగా ఉంది కదా, ఉడికిపోయిందనుకునే వాళ్ళకే ప్రమాదం ఎక్కువ. అంతందంగా బొమ్మలు అచ్చేసిన పుస్తకంలో ఈ ఒక్క ముక్కకి చోటు లేకపోయింది.

చేయాల్సింది పెద్ద కష్టమూ కాదు. 250 గ్రాముల రాజ్మా, లీటరు నీళ్ళు, 15 గ్రాముల ఉప్పు, రాత్రంతా నానాలి. ఉప్పేస్తే గింజ బిగుసుకుంటుందని పిన్ని వాదన. నిజానికి ఉప్పునీళ్ళలో నానితే తొక్క మెత్తబడుతుంది. గింజని బిగించేవి టమాటా పులుపు, బోరు నీళ్ళలోని కాల్షియం. మన శ్రీకాకుళంలో చాలా ఇళ్ళలో బోరే కాబట్టి నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ ఆర్వో టిన్ను నీళ్ళు వాడితే తేడా తెలిసిపోతుంది. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళు పోసి మూత లేకుండా పెద్దమంట మీద తెర్లించాలి. పది నిమిషాలు సరిపోతుందంటారు, నేను అరగంట అంటాను. తర్వాత ప్రెషర్ కుక్కర్లో మూడు నాలుగు కూతలు. రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి. అప్పుడుగానీ టమాటా మొహం చూపించకూడదు. అప్పటికీ నలగకపోతే అది పాత సరుకు. వేడిలో, తేమలో ఏడాది మూలిగిన రాజ్మా ఎంత ఉడికించినా దారికి రాదు. పావు చెంచా వంటసోడా కొంత పనిచేస్తుంది, అంతకు మించితే సబ్బు వాసన.

ఇదంతా చెప్పి, "ఆ పెట్టె దండగ పిన్నీ, అటకెక్కించు" అనేశాను. అప్పుడంది పిన్ని, "మీ అమ్మమ్మ దాలి అటకెక్కించిందేటే?"

బొబ్బిలి ఇంటి పెరట్లో దాలి. మట్టి గొయ్యి, అడుగున పిడకలు ముక్కలు చేసి పేర్చి, నిప్పు రాజేసి, పైన బూడిద కప్పేస్తే గాలి సన్నగా మాత్రమే ఆడుతుంది. పిడక మండదు, అంచు నుంచి లోపలికి నెమ్మదిగా కాలుతూ పోతుంది. దాని మీద పాలకుండ, చిల్లుల మూత. పొద్దున పెడితే మధ్యాహ్నానికి పాలు ఎర్రబడి, మందపాటి మీగడ. ఎన్ని గంటలున్నా ఒక్క చుక్క పొంగేది కాదు, ఎందుకంటే ఆ వేడి తెర్లేదాకా వెళ్ళదు. బూడిద పలచబడిందంటే మాత్రం అడుగంటిన వాసన ఇల్లంతా. కుండ పక్కన అరచెయ్యి పెట్టి చూసి, గుప్పెడు బూడిద ఎక్కడ చల్లాలో చెప్పేసేది అమ్మమ్మ. దాలి మీద పాలు పెట్టింది, ఒకోసారి ఉలవలు పెట్టింది. రాజ్మా ఆ ఇంటి గడప తొక్కలేదు కాబట్టి ఆ సమస్యే లేదు.

అంటే పెట్టెది తప్పు కాదన్నమాట. దానికి ఇవ్వకూడని పని ఇచ్చారు. దానికి ఇవ్వాల్సింది మాంసం. మేక జబ్బ అరకిలో, అంగుళంన్నర ముక్కలు. జబ్బలో నరాలూ పొరలూ ఎక్కువ. కుక్కర్లో కూతలు పెట్టినా ఉడుకుతాయి గానీ ముక్క పీచుగా ఎండుతుంది. సన్నవేడిలో ఏడెనిమిది గంటలుంటే ఆ పొరలన్నీ కరిగి పులుసుకి జిగురొస్తుంది. ముక్కని ముందు నూనెలో ఎర్రగా వేయించాలి, పెట్టెలో రంగు రాదు. నీళ్ళు ఒక కప్పు చాలు, ఆవిరి బయటికి పోదు కదా. మధ్యలో మూత తీసి చూసే సరదా వద్దు, తీసిన ప్రతిసారీ ఇరవై నిమిషాలు వెనక్కి. కరెంటు పోతే వెంటనే గ్యాసు మీదికి మార్చెయ్యాలి, గోరువెచ్చగా వదిలేస్తే మాంసం పాడవుతుంది.

కారానికి బ్యాడిగి మిరపకాయలు ఎనిమిది, గుంటూరువి రెండు. గింజలు దులిపి, పెనం మీద అరనిమిషం వేడిచేసి, వేణ్ణీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి రుబ్బాలి. నల్లబడితే చేదు. వేయించిన జీలకర్ర చెంచాన్నర, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉల్లి రెండు, టమాటా మూడు. మెక్సికన్ ఒరెగానో దొరకదు, కుండీలో వామాకు రెండు తుంపితే ఆ ఘాటు దగ్గరికొస్తుంది. గరం మసాలా వేశారో, రాజ్మా మసాలా అయిపోతుంది. చివరి అరగంటలో ఉడికిన రాజ్మా, చెంచా పసుపుపచ్చ మొక్కజొన్నపిండి (తెల్ల కార్న్‌ఫ్లోర్ కాదు) కలిపితే చిక్కబడుతుంది. 1977లో చిల్లీని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకున్న టెక్సాస్‌లో పట్టుదల ఉన్నవాళ్ళు అసలు గింజలే వెయ్యనివ్వరు. ఈ రాత్రికి నాకూ వాళ్ళే నచ్చుతున్నారు. కానీ రాజ్మా లేకపోతే అరకిలో మాంసం మా ఇంట్లో ఎవరికి చాలుతుంది?

"చపాతీలో కూర చుట్టుకోడమే కదా" అని ఆయన అననే అన్నారు. కాదు. గోధుమపిండిలో తవుడు ఉంటుంది, మడతపెట్టే చోట చిరుగుతుంది. మైదా 250 గ్రాములు, ఉప్పు చెంచా, నెయ్యో నూనో 50 గ్రాములు పిండికి బాగా రుద్ది, వేణ్ణీళ్ళు 130 మిల్లీలీటర్ల దాకా. అరగంట నాననిచ్చి ఆరు ఉండలు, ఒక్కోటి పది అంగుళాలు. బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు అరనిమిషం, వెంటనే గుడ్డలో చుట్టెయ్యాలి. ఇంకాస్త ఉంచితే అప్పడమే.

అన్నం పెట్టాలా వద్దా అన్నది ఇంకో గొడవ. ఉత్తర మెక్సికోలో బరిటో సన్నగా, ఒక్క కూరతో ఉంటుంది. అన్నం కూరి లావుగా చుట్టడం 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ అనే పేట వీధుల్లో పెరిగిన పద్ధతి. నేను రెండు చెంచాల పొడన్నం అడుగున పరుస్తాను, తడి పీల్చుకుంటుందని. కూర గోరువెచ్చగా ఉండాలి, ముప్పావు కప్పుకి మించకూడదు. పక్కలు ముందు లోపలికి, తర్వాత కింది అంచు, బిగించి దొర్లించాలి. అతుకు వైపు కిందికి పెట్టి పొడి పెనం మీద రెండు నిమిషాలు.

చిన్నోడు మయొనైజ్ కావాలంటున్నాడు. గట్టిపెరుగు గుడ్డలో రెండు గంటలు వేలాడదీసి, ఉప్పూ నిమ్మరసమూ కలిపి పెడతాను, ఇష్టమైతే తింటాడు.