మా "తెలుసనుకున్నవి" నోట్‌బుక్: బైపీసీ సెకండియర్ చివరి నెల, గుంటూరు హాస్టల్

ప్రీఫైనల్ జువాలజీలో గుండె ప్రశ్నకి నాకు ఎనిమిదికి మూడు వచ్చాయి. బొమ్మ మాత్రం పెన్సిల్ రెండుసార్లు చెక్కుకుని మరీ వేశాను. కాకపోతే పేజీలో నా ఎడమ చేతి వైపు ఉన్నదానికి ఎడమ కర్ణిక అని, కుడి చేతి వైపు ఉన్నదానికి కుడి కర్ణిక అని రాసేశాను. అక్కడ తిరగబడేసరికి కిందంతా తిరగబడింది. ఎడమ జఠరికలోంచి రావాల్సిన బృహద్ధమని కుడి జఠరికలోంచి బయల్దేరింది. మేడం ఎర్ర పెన్నుతో పక్కన "ఈ మనిషి బతకడు" అని రాసి ఇచ్చారు.

అప్పటికి పబ్లిక్ పరీక్షలకి నెల రోజులు కూడా లేవు. బ్రాడీపేటలో మాది చిన్న హాస్టల్, గదికి నలుగురం. పేర్లు పెట్టి పిలుచుకునేది తక్కువ, ఊళ్లే పేర్లు. పొన్నూరు, తెనాలి, నరసరావుపేట, నేను రేపల్లె. ఆ రాత్రి పొన్నూరు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి అట్ట మీద "తెలుసనుకున్నవి" అని రాసింది. రాని చాప్టర్లకి అందులో చోటు లేదు. వచ్చు అనుకుని తప్పు రాసినవి మాత్రమే ఎక్కాలి. రానిదేదో మనకి ఎలాగూ తెలుసు, దాన్ని చూసి భయపడతాం, చదువుతాం. వచ్చు అనుకున్నదాన్ని మళ్లీ తెరిచి చూడం కదా, మార్కులు పోయేది అక్కడే. ఇప్పుడు సెకండియర్లో ఉన్న చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ ఆ పుస్తకంలో కొన్ని పేజీలు చెప్దామని ఇది రాస్తున్నాను.

మొదటి ఎంట్రీ నా గుండే. బొమ్మలో గుండె మనకి ఎదురుగా నిలబడ్డ మనిషిది. బొమ్మ ఉన్న పేజీని మన ఛాతీకి ఆనించి, బొమ్మ బయటికి కనపడేలా పట్టుకోవాలి. అప్పుడు బొమ్మలోని గుండెకి ఎడమ, మన ఎడమ ఒకే వైపుకి వస్తాయి. అంతే. దాని కిందే తెనాలి ఇంకోటి రాసింది: ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని చిన్నప్పుడు నేర్చుకున్నది మర్చిపోవాలి. గుండె నుంచి బయటికి వెళ్లేది ధమని, గుండెకి వచ్చేది సిర. ఊపిరితిత్తులకి వెళ్లే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషు మీడియానికి వచ్చాక మొదటి ఏడాదంతా నోరు విప్పలేదు. కానీ కిడ్నీ దగ్గర తెలుగు మాటే నన్ను కాపాడింది. కిడ్నీలోని సన్నటి గొట్టంలో కిందికి దిగి మళ్లీ పైకి వంగే భాగం లూప్ ఆఫ్ హెన్లే, దాన్ని మా తెలుగు పుస్తకంలో హెన్లే శిక్యం అనేవాళ్లు. శిక్యం అంటే ఉట్టి. పైనుంచి కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చే తాడు కళ్ల ముందు కనపడుతుంది. దిగే కొమ్మలోంచి నీళ్లు బయటికి పోతాయి, ఎక్కే కొమ్మలోంచి లవణాలు పోతాయి కానీ నీళ్లు పోవు. ఇది అందరికీ కంఠతా వచ్చు. దిగే కొమ్మలోంచి నీళ్లు అసలెందుకు పోవాలి అని నరసరావుపేట అడిగితే మాత్రం గదిలో ఎవరూ నోరు మెదపలేదు.

జవాబు మాగాయ జాడీలో దొరికింది. మామిడి ముక్కలకి ఉప్పు, పసుపు కలిపి పెడితే మూడో రోజుకి ఊట వస్తుంది కదా. ముక్క బయట ఉప్పు ఎక్కువ, అందుకే లోపలి నీళ్లు బయటికి వస్తాయి. ఎక్కే కొమ్మ బయటికి తోసిన లవణాలు చుట్టూ పేరుకుంటాయి. కిడ్నీ పైపొర కార్టెక్స్ దగ్గర 300 మిల్లీఆస్మోల్స్ (గాఢతకి కొలత) ఉన్నది లోపలి భాగం మెడుల్లా అడుగుకి వచ్చేసరికి 1200 దాకా వెళుతుంది. ఆ ఉప్పుకి దిగే కొమ్మలోంచి ఊట వస్తుంది, అంటే పక్క కొమ్మ చేసిన పనికి ఈ కొమ్మలో ఫలితం. ఇదొక్కటీ పట్టుబడితే కౌంటర్ కరెంట్ (పక్కపక్క కొమ్మల్లో ఎదురెదురు ప్రవాహం) అనే పేరు చూసి జడుసుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది డీఎన్ఏ రెప్లికేషన్, అంటే డీఎన్ఏకి నకలు తయారవడం. కొత్తగా తయారయ్యే రెండు పోగులు లీడింగ్ స్ట్రాండ్, లాగింగ్ స్ట్రాండ్, వాటి బొమ్మ నలుగురమూ వేయగలం. ఒకటి తిన్నగా, ఇంకోటి ముక్కలు ముక్కలుగా ఎందుకు అంటే మాత్రం నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలోకి వెళ్లి సుద్దముక్కతో రెండు పొడుగాటి గీతలు గీశాం. మెట్ల దగ్గర మొదటి గీతకి 3', రెండోదానికి 5' అని రాశాం, డీఎన్ఏ పోగు రెండు కొసల పేర్లవి. బాత్‌రూముల వైపు కొసల్లో మొదటిదానికి 5', రెండోదానికి 3'. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి.

నేను హెలికేజ్, పోగుల్ని విడదీసే ఎంజైముని. మెట్ల దగ్గర్నుంచి బాత్‌రూముల వైపు నడుస్తాను. నేను దాటిన మేరే పోగులు విడిపోయినట్టు లెక్క, అక్కడి వరకే పని చేయాలి. నరసరావుపేట, తెనాలి ఇద్దరూ డీఎన్ఏ పాలిమరేజ్‌లు, కొత్త పోగు కట్టే ఎంజైములు, చేతుల్లో చింతపిక్కలు. ఇద్దరికీ నియమం ఒకటే: పాత పోగుని 3' వైపు నుంచి 5' వైపుకే చదవాలి, కొత్తది 5' నుంచి 3' దిశలోనే పెరగాలి. నరసరావుపేట పని హాయి. మెట్ల దగ్గర మొదలుపెట్టి నా వెనకాలే పిక్కలు పేర్చుకుంటూ వచ్చేసింది. తెనాలి నా దాకా వచ్చి, మెట్ల వైపు తిరిగి పేర్చుకుంటూ వెళ్లాలి. అది మెట్ల దగ్గరికి చేరేసరికి నేను ఇంకో నాలుగు అడుగులు ముందుకి పడ్డాను. మళ్లీ నా దగ్గరికి పరుగు, మళ్లీ పాత ముక్క తగిలేదాకా వెనక్కి పేర్చడం. ప్రతి ముక్క మొదట్లో ఒక చొక్కా గుండీ పెట్టాలి, అది ప్రైమర్, పాలిమరేజ్ పని మొదలుపెట్టడానికి కావాల్సిన చిన్న ముక్క. నరసరావుపేటకి ఒక్క గుండీతో సరిపోయింది, తెనాలికి ఐదు పట్టాయి. ఆఖర్న పొన్నూరు గుండీలు తీసి, ఆ ఖాళీల్లో పిక్కలు నింపి, ముక్కల మధ్య సుద్దతో గీత కలిపింది. ఖాళీలు నింపేది కూడా పాలిమరేజే, ముక్కలు అతికేది లైగేజ్.

తెనాలి ఆయాసపడుతూ "దానికంటే నేనే ఎక్కువ పరిగెత్తాను, నన్ను లాగింగ్ అంటారేంటే?" అంది. ఆ మాటతో నాకు ఇంకెప్పుడూ ఆ రెండూ తారుమారు కాలేదు. అప్పటిదాకా రెండు పోగులకీ రెండు దిశల్లో నడిచే వేర్వేరు ఎంజైములు ఉంటాయని పొన్నూరు నమ్మకం. లేవు. నియమం ఒక్కటే కాబట్టే ఈ ముక్కల బాధ. ఆ ముక్కల్ని ఒకజాకి ముక్కలు అంటారు. 1968లో జపాన్‌కి చెందిన ఒకజాకి దంపతులు, రెయిజి, సునెకో, వాటి సంగతి బయటపెట్టారు. మా గదిలో అందరం అది ఒక్క మనిషి పేరే అనుకున్నాం, ఆమె సంగతి ఎవరికీ తెలీదు.

ఆర్‌హెచ్ గొడవ నరసరావుపేట వాళ్ల అక్క పుణ్యమా అని తేలింది. ఎర్ర రక్తకణాల మీద ఆర్‌హెచ్ అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తకణాల్ని దెబ్బతీయొచ్చు. ఆవిడది ఆర్‌హెచ్ నెగెటివ్, బావగారిది పాజిటివ్, అప్పుడు ఆవిడకి ఎనిమిదో నెల. మొదటి బిడ్డకి ఏమీ కాదని పుస్తకంలో ఉందిగా, మరి అక్కకి ఏడో నెలలోనే యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లిలో ఆ యాంటీబాడీలు తయారవకుండా ఆపేది) ఎందుకు చేశారని దీని డౌటు. మామూలుగా బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసేది ఎక్కువగా కాన్పు సమయంలో. తల్లి శరీరం యాంటీబాడీలు తయారుచేసుకునేసరికి మొదటి బిడ్డ బయట ఉంటుంది. దెబ్బ తగిలేది తర్వాత వచ్చే పాజిటివ్ బిడ్డకి, ఐజీజీ అనే రకం యాంటీబాడీలు మాయని దాటి లోపలికి వెళతాయి కాబట్టి. ఒక్కోసారి కాన్పుకి ముందే కొంచెం రక్తం కలవచ్చు, అందుకే ముందు జాగ్రత్తగా 28వ వారంలో ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకోటి. తల్లి పాజిటివ్, బిడ్డ నెగెటివ్ అయితే ఈ బాధే లేదు. రెండు మార్కుల ప్రశ్నలో దీన్ని తిరగేసి అడిగితే చాలామంది పడిపోతారు. మరి ఏ, బీ, ఓ గ్రూపులు కలవకపోతే ఇంత గొడవ ఎందుకు ఉండదు? ఆ యాంటీబాడీలు ఎక్కువగా ఐజీఎం రకం. పెద్దవి, మాయ దాటలేవు.

సీ4 మొక్కల సంగతి పొన్నూరుది. వాళ్ల నాన్నగారు వరి కోశాక అదే చేలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు. వరి సీ3, మొక్కజొన్న సీ4, అంటే కార్బన్ డయాక్సైడ్ పట్టుబడ్డాక మొదట తయారయ్యేది వరిలో మూడు కార్బన్ల పదార్థం, మొక్కజొన్నలో నాలుగు కార్బన్లది. సీ4లో కాల్విన్ చక్రం (కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా మార్చే చర్యల వరస) ఉండదని మేం నలుగురం ఒట్టేసి చెప్పేవాళ్లం. ఉంటుంది. ఆకు లోపలి మీసోఫిల్ కణాల్లో కార్బన్ డయాక్సైడ్ నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టుబడి, ఈనెల చుట్టూ ఉండే బండిల్ షీత్ కణాల్లోకి వెళ్లి విడుదలవుతుంది. అక్కడ జరిగేది మామూలు కాల్విన్ చక్రమే. ఒక గ్లూకోజ్‌కి వరి 18 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చుపెడితే మొక్కజొన్నకి 30 కావాలి. అంత ఖర్చుతో లాభం ఏంటంటే, మన ఎండల్లో వరిలో ఫోటోరెస్పిరేషన్ (పట్టుకున్న కార్బన్‌లో కొంత మళ్లీ బయటికి పోవడం) వల్ల పోయే నష్టం మొక్కజొన్నలో దాదాపు ఉండదు. గుంటూరు మిర్చి కూడా సీ3యే, నేను ఎందుకో సీ4 అనుకునేదాన్ని.

జన్యుశాస్త్రం లెక్కల్లో ఒక్క మాట. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా (వారసత్వంగా వచ్చే రక్తహీనత) క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మోసేవాళ్లయితే, నలుగురిలో ఒకరికి వ్యాధి అని చదివి, ముగ్గురు పిల్లలు బాగుంటే నాలుగో బిడ్డకి తప్పదు అని రాయకండి. ప్రతి కాన్పుకీ నాలుగోవంతే. మూడుసార్లు బొమ్మ పడిందని నాలుగోసారి బొరుసే పడాలని రూలేం లేదు.

పొట్టి అక్షరాల ట్రిక్కులు, పాట కట్టి గుర్తుపెట్టుకోవడాలు నాకు పడవు. లిస్టులకి పనికొస్తాయేమో, ఎందుకు అన్న ప్రశ్నకి పనికిరావు. మా పద్ధతి మొరటుది. ఒకరు చెప్పాలి, మిగతా ముగ్గురు "ఎందుకే?" అంటూనే ఉండాలి. మూడో "ఎందుకు" దగ్గర చాలామంది ఆగిపోతాం, అక్కడ పుస్తకం తెరవాలి. రాత్రి పదకొండు దాటితే మాకు జవాబులకన్నా తగాదాలు ఎక్కువయ్యేవి, అందుకే పదిన్నరకి లైట్ ఆపేసేవాళ్లం.

వరండాలో గీతలు చూసి వార్డెన్ మా నలుగురి చేతా తుడిపించారు. చింతపిక్కలు ఏరడానికే అరగంట పట్టింది.

పబ్లిక్ పరీక్షలో ఒకజాకి ముక్కలు రాలేదు. గుండె వచ్చింది. బొమ్మ వేసి, లేబుళ్లు రాసేముందు ఆన్సర్ బుక్‌లెట్‌ని ఛాతీకి ఆనించుకున్నాను. ఇన్విజిలేటర్ మేడం అనుమానంగా నా దగ్గరికి వచ్చి, బుక్‌లెట్ తీసుకుని ముందు వెనక తిప్పి చూసి, ఏమీ దొరక్క తిరిగి ఇచ్చేశారు.