రీ-వోల్ట్‌లో కొత్త ట్రాకులు ఎక్కించడం: నా అనుభవం

రీ-వోల్ట్ తెలియనివాళ్లకు ముందు రెండు మాటలు. 1999లో అక్లెయిమ్ కంపెనీ తెచ్చిన రేసు గేమ్ ఇది. ఇందులోవి రిమోట్‌తో నడిచే బొమ్మ కార్లు. వీధుల్లో, సూపర్ మార్కెట్‌లో, మ్యూజియంలో పరిగెడతాయి. ముందు పోయేవాడి మీద నీళ్ల బెలూన్లు విసరొచ్చు, వెనకొచ్చేవాడి దారిలో నూనె ఒలకబోయొచ్చు. ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో నెట్ సెంటర్లు నడిచిన రోజుల్లో గంటకింత అని కట్టి ఆడేవాళ్లం. కంపెనీ 2004లో దివాలా తీసినా గేమ్ మాత్రం బతికే ఉంది. అభిమానులు దాన్ని ఆర్‌వీజీఎల్ పేరుతో ఇప్పటి కంప్యూటర్లకు తగ్గట్టు తిరగరాశారు. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నిట్లోనూ ఆడుతుంది.

నా లాప్‌టాప్ పాతది, విండోస్ బరువు మోయలేక లినక్స్ వేయించాను. సెలవులకొచ్చిన మేనల్లుడు గేమ్‌లో ఉన్న ట్రాకులన్నీ చకచకా తిరిగేసి, "మావా, ఇంకేవీ లేవా?" అని మొదలుపెట్టాడు. ఉన్నాయి. ఇన్నేళ్లుగా జనం సొంతంగా చేసి పంచుకున్నవి బోలెడు. లాంచర్ అనే ప్రోగ్రామ్‌తో కట్టలు కట్టలుగా దించుకోవచ్చు గానీ, మా ఇంట్లో నెట్ సంగతి వేరు. వెనక గదిలో ఒడిశా టవర్, డాబా ఎక్కితే పాతపట్నం వైపు టవర్, మధ్య గదిలో ఏదీ లేదు. అందుకని డాబా మీద ఫోన్ పెట్టి, నచ్చిన ట్రాకుల జిప్ ఫైళ్లు (ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టినవి) ఒక్కొక్కటే దించాం.

ఎక్కించడంలో కోడింగ్ లాంటిదేమీ లేదు. గేమ్ ఫోల్డర్‌లో కార్స్, లెవెల్స్, జీఎఫ్ఎక్స్ అని లోపలి ఫోల్డర్లు కనిపిస్తాయి. ట్రాకు లెవెల్స్‌లోకి, మెనూలో కనబడే దాని చిన్న బొమ్మ జీఎఫ్ఎక్స్‌లోకి వెళ్లాలి. పద్ధతి తెలిసినవాడు చేసిన జిప్ అయితే లోపలే ఆ రెండు ఫోల్డర్లూ ఉంటాయి. గేమ్ ఫోల్డర్‌లో విప్పి, కలపమంటావా అని అడిగితే కలపమంటే సరి.

తంటా అంతా జిప్ కట్టినవాళ్ల తీరులోనే ఉంది. ఒకరు అన్నిటికీ పైన ఇంకో ఫోల్డర్ చుట్టేస్తారు. దాన్ని అలాగే విప్పితే గేమ్‌కు ట్రాకు కనబడదు. ఇంకొకరు ఫోల్డరే లేకుండా ఫైళ్లన్నీ గుమ్మరిస్తారు. అప్పుడు ఫోల్డర్ మనమే చేసుకోవాలి, పేరు మాత్రం మనిష్టం కాదు. ఫోల్డర్ పేరే లోపలి ఫైళ్లకు ఇంటిపేరు. గేమ్‌తో వచ్చిన మొదటి వీధి ట్రాకునే చూడండి: ఫోల్డర్ ఎన్‌హుడ్1, అందులో ఎన్‌హుడ్1 డాట్ ఐఎన్ఎఫ్, ఎన్‌హుడ్1 డాట్ డబ్ల్యూ, ఇలా. ఐఎన్ఎఫ్ మామూలు టెక్స్ట్ ఫైలే. మెనూలో కనబడే ట్రాకు పేరు, కార్లు బయల్దేరే చోటు అందులో రాసి ఉంటాయి. కొత్త ట్రాకు వస్తే నేను ముందు తెరిచేది దాన్నే.

ఇక లినక్స్‌లో అసలు టెన్షన్ ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలది. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్‌కు వేరువేరు. పాత ట్రాకులు చేసినవాళ్లు విండోస్‌లో కూర్చుని ఫైళ్ల పేర్లు కొన్ని పెద్దబడిలో, కొన్ని చిన్నబడిలో పెట్టేశారు. మేము తెచ్చిన ఒక ట్రాకు మెనూలోకైతే వచ్చింది, లోపలికెళ్తే గోడలు, నేల అన్నీ బోసిగా ఉన్నాయి. "సున్నం వేసి వదిలేశారేంటి మావా" అన్నాడు మావాడు. పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చాక రంగులొచ్చాయి. ఆర్‌వీజీఎల్ లినక్స్ కూర్పుతో ఈ పని కోసమే ఫిక్స్ కేసెస్ అనే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రామ్, వస్తుంది. కొత్తది ఎక్కించినప్పుడల్లా టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) దాన్ని ఒకసారి నడిపితే చాలు, చేత్తో మార్చే పని ఉండదు.

అన్నీ సరిగ్గా పెట్టినా కొన్ని ట్రాకుల్లో కంప్యూటర్ నడిపే పోటీ కార్లు సరిగ్గా పరిగెత్తవు. అది మన ఇన్‌స్టాల్ లోపం కాదు. ఆ కార్లకు దారి చూపే ఫైలు డాట్ ఫ్యాన్. చేసినవారు అది పెట్టకపోతే ఒంటరిగా టైమ్ ట్రయల్ ఆడుకోవాలి. గోడకు, నేలకు గట్టిదనం ఇచ్చేది డాట్ ఎన్‌సీపీ. అది లేకపోతే కారు నేలలోంచి కిందికి జారిపోతుంది. అలాంటి ట్రాకును నేనైతే ఉంచను. తీసేయడం ఎక్కించడం కన్నా తేలిక: లెవెల్స్‌లో దాని ఫోల్డర్, జీఎఫ్ఎక్స్‌లో దాని బొమ్మ చెరిపేస్తే చాలు. జిప్‌తో వచ్చే రీడ్‌మీ మాత్రం చదవండి, ఏ కారు పనికొస్తుందో కూడా కొందరు రాస్తారు.

ఇప్పుడు మావాడికి మా వీధినే ట్రాకుగా చేయాలని ఉంది. గేమ్‌తో వచ్చే ట్రాక్ ఎడిటర్‌లో ముక్కలు అతికించి మలుపులు చేసుకోవచ్చు గానీ, మా వీధి ఇళ్లు, అరుగులు అందులో కుదరవు. అలా కావాలంటే బ్లెండర్ అనే 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, రీ-వోల్ట్ ఫైళ్ల కోసం దానికి తగిలించుకునే యాడ్-ఆన్ ఉంది. బ్లెండర్ దించాం. తెరుచుకోవడానికి నా లాప్‌టాప్ బాగానే ఆలోచిస్తోంది.