ఎండల్లో ఫుల్ హ్యాండ్స్ చొక్కా

పక్క పోర్షన్ బాబుకి 8 ఏళ్లు. ఇంత ఎండల్లోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కానే. మొన్న మామిడిపండు ముక్క ఇస్తే చెయ్యి చాపాడు, చొక్కా పైకి జరిగింది. అట్లకాడ అంచు అచ్చు దిగినట్టు వాత. నేనేమీ అడగకముందే "పడ్డానాంటీ" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోడ అవతల ఏడుపు ఎన్నిసార్లు విన్నానో. వాళ్ల పిల్లాడు, మనకెందుకులే అనుకుని ఊరుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

పొద్దున్నే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఫ్రీ నంబర్, రాత్రీ పగలూ ఎత్తుతారు. నా పేరు బయటికి రాదన్నారు. కన్నవాళ్లే హింసించినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చట.

ఇద్దరు వచ్చి బాబుతో విడిగా, నెమ్మదిగా మాట్లాడారు. తర్వాత అమ్మానాన్నలతో. ఇంకా వస్తూనే ఉన్నారు.

నిన్న పొట్టి చేతుల చొక్కాలో కనిపించాడు.