ఆగస్టు 23: మా జిల్లా పేరు, చందమామ నేల

మా ఒంగోలు వాళ్లకు ఆగస్టు 23 అనగానే మొదట గుర్తుకు వచ్చేది టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి. 1872లో ఆ రోజున వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయనను, తండ్రి పోయిన తరువాత, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా కదిలి, పోలీసు తుపాకీకి గుండె చూపిన ఆ తెగువకు మూలం ఆ తల్లి పడిన కష్టమేనని నేను నమ్ముతాను. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ఆయన పేరునే 1972లో మా జిల్లాకు పెట్టారు.



2023లో ఈ తేదీకి మరో ఘనత చేరింది. మొన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన శ్రీహరికోట నుంచి జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. టీవీ తెరపై ఎత్తు అంకెలు తగ్గుతుంటే, పిండి అంటిన చేతులతోనే వంటింటి గుమ్మంలో నిలబడిపోయిన అమ్మ, చప్పట్లు వినబడ్డాక గాని కదలలేదు.