మేనల్లుడు అడిగిన పెట్టె

ఆదివారం, రాత్రి పదకొండు.

రేపు చెల్లికి జవాబు చెప్పాలి. "అన్నయ్యా, పదిహేను రోజులుగా వాడు ఒకటే గొడవ. టీవీకి పెట్టుకునే ఆండ్రాయిడ్ గేమ్ కన్సోల్ కావాలట. తక్కువలోనే వస్తోంది, కొనెయ్యనా?" అని శుక్రవారం ఫోన్ చేసింది. అప్పటికప్పుడు సరేననీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. పదకొండేళ్ల పిల్లాడు సొంతంగా డబ్బులు దాచుకుని కొనుక్కోబోతున్న మొదటి వస్తువది. ఆఫీసులో ఒకతని దగ్గర అలాంటిదే ఉంటే రెండు రోజులకని అడిగి తెచ్చుకున్నాను.

పొద్దున్నే టీవీకి తగిలించాను. అరచేతిలో పట్టేంత పెట్టె, ఒక కంట్రోలర్, ఒక హెచ్‌డీఎంఐ వైరు, అంతే. అట్టపెట్టె మీద 16 జీబీ అని ఉంది. సెట్టింగ్స్‌లో చూస్తే సిస్టమ్ పోగా మనకి మిగిలింది అందులో సగం. ఒక రేసింగ్ గేమ్ ఎక్కించేసరికి రెండోదానికి చోటు లేకపోయింది. ఆ రేసింగ్ గేమ్ మొదట బాగానే నడిచింది. ఇరవై నిమిషాలయ్యాక మలుపుల దగ్గర బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. లోపల ఫ్యాన్ లేదు కాబట్టి వేడెక్కగానే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. చిప్‌కి ఎన్ని కోర్లున్నాయని (లోపల పనిచేసే భాగాలు ఎన్నని) అడిగేకంటే, అరగంట ఆడాక ఎలా ఉందని అడగడం మేలు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కంట్రోలర్. బటన్ నొక్కాక బొమ్మ గెంతడానికి కాస్త ఆలస్యమవుతోంది. సెకనుకి 60 ఫ్రేములతో, అంటే తెర మీద 60 చిత్రాలతో, నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేము 17 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. బ్లూటూత్ కొంత, టీవీ కొంత కలిసి వంద మిల్లీసెకన్లు మింగేస్తే ఆరు ఫ్రేములు దాటిపోయినట్టే, ఆ లోగా బొమ్మ గోతిలో పడుతుంది. టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టి, కంట్రోలర్‌ని వైరుతో కలిపితే చాలావరకు సర్దుకుంది. కానీ పిల్లాడికి ఆ సంగతి తెలియదు. తనకే ఆడటం రావట్లేదనుకుంటాడు. అలా అనుకుంటాడేమోనన్నదే నా బాధ.

ఆండ్రాయిడ్ 2011లోనే, 3.1 వెర్షన్ నుంచి, గేమ్ కంట్రోలర్లను గుర్తుపడుతోంది. అయినా ఏ గేమ్‌కి ఆ గేమ్ తయారుచేసినవాళ్లు దానికి తగ్గట్టు రాసుకోవాలి. వాడు ఫోన్‌లో రోజూ ఆడే గేములు మూడు పెట్టి చూశాను. రెండు గేములు "స్క్రీన్‌ని తాకండి" అని చూపించి అక్కడే ఆగిపోయాయి. టీవీని తాకితే ఏమొస్తుంది?

మధ్యాహ్నం ఔయా అనే పాత ఆండ్రాయిడ్ గేమ్ కన్సోల్ గుర్తొచ్చింది. 2012లో, కొత్త వస్తువుల తయారీకి జనం ముందుగా డబ్బులిచ్చే కిక్‌స్టార్టర్ సైట్‌లో 63 వేల మందికి పైగా కలిసి 85 లక్షల డాలర్లకు మించి ఇచ్చారు దానికి. 99 డాలర్లకే కన్సోల్, ఎవరైనా గేమ్ రాసి పెట్టొచ్చు, ప్రతి గేమూ కొంత ఉచితంగా ఆడి చూడొచ్చు. అప్పట్లో ఆ మాటలు నన్నెంత ఊరించాయో! 2013 జూన్‌లో దుకాణాలకొచ్చింది. రెండేళ్లకే దాన్ని గేమింగ్ సామాన్లు చేసే రేజర్ కంపెనీ కొనేసింది. 2019 జూన్ 25న స్టోర్ మూతపడింది. కొన్నట్టు ఇంటర్నెట్‌లో సరిచూసుకోవాల్సిన గేములు, డబ్బులు కట్టినవాళ్ల దగ్గర కూడా ఆగిపోయాయి. దాని మీద మొదలైన టవర్‌ఫాల్ అనే గేమ్ మాత్రం 2014లో పీసీకి, ప్లేస్టేషన్ 4కి వెళ్లి బతికింది. ఇంకోవైపు ఎన్‌విడియా కంపెనీ వాళ్ల షీల్డ్ టీవీ అనే పెట్టె 2015లో ఆండ్రాయిడ్ 5తో వచ్చి 11 దాకా అప్‌డేట్లు అందుకుంది. కాకపోతే దాని ధర ఔయాకి రెట్టింపు. చవక పెట్టెలో తగ్గించుకునేది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది: అమ్మేశాక కూడా దాని బాగోగులు చూసే మనుషులు.

ఈ అరువు పెట్టె ప్లే స్టోర్‌లో, పరికరానికి గూగుల్ ధ్రువీకరణ లేదని చూపిస్తోంది. అందుకే నా అసలు అకౌంట్‌తో కాకుండా వేరే అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది ఇలాంటివాటి గురించే. ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో కొన్ని మన చేతికి రాకముందే వైరస్‌తో వస్తున్నాయి, మన ఇంటి ఇంటర్నెట్‌ని ఎవరెవరో వాడుకుంటున్నారు. అన్నీ అలాంటివేనని అనను. కానీ ఏది ఎలాంటిదో పిల్లలున్న ఇంట్లో ఎవరు పరీక్షించి చూస్తారు?

సాయంత్రం వాణ్ని తీసుకుని చెల్లి వచ్చింది. "మావయ్యా, దీన్లో అయిదు వేల గేములున్నాయి, తెలుసా!" అన్నాడు లోపలికొస్తూనే. ఇద్దరం కలిసి జాబితా చూశాం. ఒకే గేమ్ నాలుగైదు పేర్లతో ఉంది. చాలావరకు పాత కన్సోళ్ల గేములు, అడక్కుండా కాపీ కొట్టినవి. ఆ సంగతి చెప్తే, "అంటే దొంగతనమా?" అని కాసేపు మాట్లాడలేదు. నాకు ముచ్చటేసింది.

చెల్లి ఫోన్‌నే టీవీకి కలుపుదామని చూస్తే బొమ్మ రాలేదు. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన వీడియో రాదు, ఫోన్‌లో ఆ రంధ్రం గుండా వీడియో పంపే డిస్‌ప్లేపోర్ట్ ఏర్పాటు ఉండాలి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. అప్పుడు అటక మీంచి నా పాత ల్యాప్‌టాప్ దించాను. దానికి హెచ్‌డీఎంఐ ఉంది. మా ఇంట్లో ఉన్న ఒక్క కంట్రోలర్ వాడికిచ్చి, నేను కీబోర్డు పట్టుకున్నాను. చిన్న గేమే, ఇద్దరు ఆడేది. ఎక్కడా ఆగలేదు. రెండు గంటలు వాడి నోట పెట్టె మాటే రాలేదు.

కాబట్టి చెల్లికి చెప్పేది ఇదీ: ల్యాప్‌టాప్ నేనిస్తాను, వాడి డబ్బులతో రెండు మంచి కంట్రోలర్లు కొను, వైరుతో కూడా పనిచేసేవి. రేపు ఫోన్ కొన్నా, ఇంకేదైనా కన్సోల్ కొన్నా వాటిలో చాలావాటికి అవే పనికొస్తాయి. అప్పటికీ పెట్టే కావాలంటే, ధ్రువీకరణ ఉన్నది, అప్‌డేట్లు ఇన్నేళ్లు ఇస్తామని రాసి ఉన్నది చూసి కొందాం, ఇంకో ఆర్నెల్లు డబ్బులు దాచుకున్నా ఫర్వాలేదు.

అరువు పెట్టెలోంచి ఆ వేరే అకౌంట్ తీసేసి, రీసెట్ కొట్టాను. పొద్దున పట్టుకెళ్లి ఇచ్చెయ్యాలి. ల్యాప్‌టాప్ కీబోర్డులో దుమ్ము ఇంకా దులపాలి.