ముందే తెలిసినవాణ్ణి అడగడం

ఏడేళ్ళ క్రితం ఒక రాత్రి, నాన్నగారిని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకువెళ్ళాక, తలుపు పైన వెలుగుతున్న ఎర్ర లైటుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద నేనూ తమ్ముడూ కూర్చున్నాం. కాగితాల మీద సంతకాలు పెట్టడం, రక్తం ఏర్పాటు చేయడం, రాసిచ్చిన మందులు తెచ్చి నర్సు చేతికి అందించడం అప్పటికే అయిపోయాయి. ఇక మా చేతిలో పనేమీ మిగలలేదు. "ప్రార్థన చేసుకుందాం" అన్నాను. తమ్ముడు కదల్లేదు. కాసేపటికి తల ఎత్తకుండానే, "అన్నయ్యా, నాన్న బతుకుతారో లేదో దేవుడు ఎప్పుడో నిర్ణయించేసి ఉంటాడు కదా. ఇప్పుడు మనం అడిగితే మనసు మార్చుకుంటాడా? మార్చుకోడు అనుకుంటే అడగడం ఎందుకు? మార్చుకుంటాడు అనుకుంటే ఆయన ముందు తీసుకున్న నిర్ణయంలో లోపం ఉన్నట్టే కదా" అన్నాడు.

వాడు దేవుణ్ణి నమ్మనివాడు కాదు. నమ్మేవాడు కాబట్టే ఆ ప్రశ్న వాడిని అంతగా నలిపింది. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. కళ్ళు మూసుకుని ఏవో నాలుగు మాటలు గొణిగాను గాని, వాడి మాటలే చెవుల్లో తిరుగుతూ ఉన్నాయి. ఆ తర్వాత ఈ విషయం గురించి నేను చదివిందీ, ఆలోచించిందీ ఇన్నాళ్ళకు ఒకచోట రాసిపెట్టుకోవాలనిపించింది.

మొదట నాకు తట్టిన సంగతి చాలా చిన్నది. ఆ రాత్రి మేము చేసిన మిగతా పనుల్లో దేని గురించీ తమ్ముడికి గాని నాకు గాని ఈ సందేహం రాలేదు. నాన్నగారి ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటే సర్జన్ ఎందుకు, మత్తుమందు ఎందుకు, రక్తం ఎందుకు అని మేము అనుకోలేదు. రక్తం కోసం అర్ధరాత్రి మెట్ల మీదుగా పరుగెత్తినవాడు తమ్ముడే. దేవుని నిర్ణయం మన ప్రయత్నాన్ని వ్యర్థం చేస్తుందన్నది నిజమైతే, ఆ పరుగు కూడా ప్రార్థన ఎంత వ్యర్థమో అంతే వ్యర్థం కావాలి. కాని పరుగెత్తేటప్పుడు రాని ప్రశ్న మోకరించేటప్పుడు వచ్చింది. మందు పనిచేసే తీరు మనకు ఎంతో కొంత కనబడుతుంది, ప్రార్థన పనిచేసే తీరు కనబడదు. అందుకే బరువంతా దాని మీదే పడుతుందని నా అభిప్రాయం.

ఈ వాదాన్ని ప్రాచీన గ్రీకు తాత్త్వికులు బాగా ఎరుగుదురు. దానికి వాళ్ళు పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'సోమరి వాదం' అనాలి. జబ్బు నయమవుతుందని రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా నయమవుతుంది, నయం కాదని రాసిపెట్టి ఉంటే పిలిచినా కాదు, కాబట్టి పిలవడం దండగ అన్నది దాని వరస. క్రీ.పూ. 3వ శతాబ్దంలో విధిని నమ్మే స్టోయిక్ శాఖకు చెందిన క్రిసిప్పస్ అనే తాత్త్వికుడు దీనికి చెప్పిన జవాబును, దాదాపు రెండు శతాబ్దాల తర్వాత విధిని గురించి రాస్తూ రోమను రచయిత సిసిరో మనకు అందించాడు. ఒలింపియా క్రీడల్లో మైలో అనే మల్లుడు కుస్తీ పడతాడని నిర్ణయమై ఉంటే, ఎదుట మల్లుడు ఉన్నా లేకపోయినా అతడు కుస్తీ పడతాడని ఎవరూ అనరు, ఎందుకంటే ఎదుటి మల్లుడు లేనిదే కుస్తీయే లేదు. అలాగే రోగి కోలుకోవడం నిర్ణయమైన చోట వైద్యుణ్ణి పిలవడం కూడా దానితో పాటే నిర్ణయమై ఉందంటాడు క్రిసిప్పస్. క్రైస్తవుల్లో 3వ శతాబ్దపు పండితుడు ఓరిగెను, తన స్నేహితుడు అంబ్రోస్ ఉత్తరంలో రాసి పంపిన సరిగ్గా ఇదే అభ్యంతరాన్ని తీసుకుని, ప్రార్థన గురించి రాసిన గ్రంథంలో జవాబు చెప్పాడు. ఎవరు ఏమి ప్రార్థిస్తారో కూడా దేవునికి ముందే తెలుసు, ఆ ప్రార్థనలను లెక్కలోకి తీసుకునే ఆయన తన ఏర్పాట్లు చేస్తాడు అన్నది ఆయన జవాబు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ దాన్ని ఇంకా బిగువుగా చెప్పాడు: మనం ప్రార్థించేది దేవుని ఏర్పాటును మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారానే దొరకాలని ఆయన ఏర్పాటు చేసినదాన్ని పొందడానికి.

తర్కంగా ఇది సరిపోతుంది. తర్కం ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాణ్ణి మోకరింపజేయలేదన్నది కూడా నిజమే. నాకు ఇది మాటల్లో కాక ఒక దృశ్యంలో అర్థమైంది. బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయం మొదటి వచనంలోనే దేవుడు ఏలీయా అనే ప్రవక్తకు మాట ఇచ్చేశాడు: నువ్వు వెళ్ళి రాజైన అహాబుకు కనబడు, నేను భూమి మీద వర్షం కురిపిస్తాను అని. షరతు లేదు, సందేహం లేదు, వర్షం ఖాయం. ఏలీయా కూడా దాన్ని నమ్మి, గొప్ప వర్షం చప్పుడు వినబడుతోందని అహాబుతో ముందుగానే చెప్పేశాడు. ఆ తర్వాత తాను హాయిగా కూర్చోలేదు. కర్మెలు కొండ మీదికి ఎక్కి, నేల మీద వంగి, ముఖాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వెళ్ళి సముద్రం వైపు చూడమని సేవకుణ్ణి పంపాడు. ఏమీ లేదన్నాడు సేవకుడు. ఏడు సార్లు పంపాడు. ఏడవసారి మనిషి అరచేయంత చిన్న మేఘం సముద్రంలోంచి పైకి లేస్తోందని కబురు వచ్చింది.

ఆ సేవకుడి నడకల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మొదటిసారి ఉత్సాహంగా వెళ్ళి ఉంటాడు. నాలుగోసారి, ఐదోసారి అదే ఖాళీ ఆకాశాన్ని చూసి, తిరిగి వచ్చి, అదే మాట చెప్పి ఉంటాడు. ఆ మాట విన్న ప్రవక్త, దేవుడు మాట ఇచ్చాడు కదా, రావాల్సినప్పుడు వర్షం వస్తుందిలే అని లేచి దుమ్ము దులుపుకోలేదు. వాగ్దానం ఉంది కాబట్టి అడగనక్కరలేదు అన్నది మన లెక్క. వాగ్దానం ఉంది కాబట్టే అడుగుతాను అన్నది ఆయన లెక్క. దానియేలు ప్రవక్త కూడా అంతే. యెరూషలేము పాడై ఉండవలసింది డెబ్బై సంవత్సరాలని తనకు ముందటి ప్రవక్త యిర్మీయా రాసింది చదివి, గడువు దగ్గర పడిందని గ్రహించి కూడా, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుని ప్రార్థించాడు. దేవుని నిర్ణయం వీళ్ళ నోరు మూయించలేదు, ఏమి అడగాలో వీళ్ళకు నేర్పింది.

అయితే సర్వశక్తిమంతుడైన దేవునికి మన అడగడంతో పనేమిటి? వర్షం ఆయన నేరుగా కురిపించలేడా? ఈ ప్రశ్నకు 17వ శతాబ్దపు ఫ్రెంచి తాత్త్వికుడు పాస్కల్ చెప్పిన సమాధానం ఒక్క ముక్క: తన సృష్టిలోని జీవులకు కారణమయ్యే గౌరవాన్ని ఇవ్వడానికే దేవుడు ప్రార్థనను నియమించాడు. నాకు ఇది ఎంతో తృప్తినిచ్చిన మాట. నేలను తాకకుండానే పంట ఇవ్వగలిగిన దేవుడు దున్నేవాడి చేతిలో నాగలి పెట్టాడు. మాట్లాడకుండానే ఒకరి మనసు ఇంకొకరికి తెలిసేలా చేయగలిగిన దేవుడు మనిషికి నోరు ఇచ్చాడు. అవసరం లేని చోట కూడా మనిషిని పనిలో భాగం చేసుకోవడం ఆయన పద్ధతి అయినప్పుడు, ప్రార్థన దగ్గర మాత్రం ఆ పద్ధతి ఎందుకు మారాలి?

కొండ మీది ప్రసంగంలో ఈ విషయం గురించి అందరూ చదివే రెండు వచనాలున్నాయి. మీరు అడగకముందే మీకు ఏమి కావాలో మీ తండ్రికి తెలుసు అన్నాడు యేసు. ఆ మాట విన్నవాడు సహజంగా ఎదురుచూసే తర్వాతి మాట, కాబట్టి అడగవద్దు అని. కాని ఆయన, కాబట్టి మీరు ఇలా ప్రార్థించండి అని పరలోక ప్రార్థన నేర్పించాడు. మా తమ్ముడి ప్రశ్న మొత్తం ఆ 'కాబట్టి'లోనే ఉంది. తండ్రికి తెలియడం మనం ఊరుకోవడానికి కారణమని మనం అనుకుంటాం. మాట్లాడటానికి అదే కారణమని ఆయన చెబుతున్నాడు. తెలియనివాడికైతే వివరం చెప్పాలి, ఒప్పించాలి, నటించాలి. అన్యజనుల్లాగా వ్యర్థమైన మాటలు వల్లించవద్దని ఆయన ఆ పైనే హెచ్చరించడం కూడా ఇందుకే. అన్నీ తెలిసినవాడి ముందు ఉన్నది ఉన్నట్టు మాట్లాడవచ్చు.

ప్రార్థన దేవుణ్ణి మార్చదు, మనల్ని మారుస్తుంది అన్న మాట చాలామంది చెబుతారు. అది సగమే నిజమని నేను నమ్ముతున్నాను. దాదాపు 412లో ప్రోబా అనే రోమను విధవరాలికి రాసిన ఉత్తరంలో క్రైస్తవ బిషప్పు అగస్టీను ఇలాంటి మాటే చెప్పాడు: మన కోరిక ఏమిటో తెలుసుకోవడానికి కాదు, తాను ఇవ్వబోయేదాన్ని అందుకోగలిగేటట్టు మన కోరికను ప్రార్థనలో సాధన చేయించడానికే దేవుడు అడగమంటాడని. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. కాని దీన్ని పట్టుకుని, ప్రార్థన కేవలం మనస్సును కుదుటపరచుకునే అభ్యాసం అనేవారితో నేను ఏకీభవించలేను. హిజ్కియా రాజు గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించినప్పుడు, నీ కన్నీళ్ళు చూశాను అని దేవుడు పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. మీరు అడగకపోవడం వల్లే మీకు దొరకడం లేదని యాకోబు తన పత్రికలో నిర్మొహమాటంగా రాశాడు. అడిగినందువల్ల జరిగినవీ, అడగనందువల్ల జరగనివీ ఉన్నాయని నమ్మకపోతే, ఆ వాక్యాలకు అర్థమే లేదు.

మరి అడిగినా జరగనివి? నాన్నగారు ఆపరేషన్ తర్వాత ఆరు రోజులు బతికారు. మేము అడిగింది ఆరు రోజులు కాదు. మీ విశ్వాసం చాలలేదేమో అని ఆ తర్వాత ఒకరిద్దరు అన్నారు. ఆ మాట తప్పు, దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఎవరూ అనకూడని మాట. తనను వేధిస్తున్న 'శరీరంలోని ముల్లు' తొలగించమని అపొస్తలుడు పౌలు మూడు సార్లు వేడుకుంటే, అది తొలగలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు, ఈ గిన్నె, అంటే రాబోయే ఆ బాధ, నా నుండి తొలగించమని అడిగాడు. తండ్రి చిత్తం ఏమిటో ఆయనకంటే బాగా ఎరిగినవారెవరు? అయినా అడిగాడు, ఒక్కసారితో ఆపకుండా మళ్ళీ వెళ్ళి అడిగాడు, ఆ గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదని ఎవరంటారు?

ఆ ఆరు రోజుల గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఇంటి విషయంలో వచ్చిన ఒక మాట పట్టింపు వల్ల అంతకు ముందు రెండేళ్ళుగా నేను నాన్నగారితో సరిగ్గా మాట్లాడటం లేదు. మొదటి రెండు రోజులు ఆయనను బతికించమని మాత్రమే అడిగాను. మూడోరోజు తెల్లవారుజామున అదే మాట అడగబోతుంటే నోరు పెగల్లేదు. ఈ మనిషిని నాకు ఇవ్వమని అడుగుతున్నాను గాని, ఉన్నప్పుడు నేను ఆయనను ఏం చేసుకున్నాను అన్న ఆలోచన అడ్డం వచ్చి నిలబడింది. ఆ రోజు లోపలికి పంపిన పది నిమిషాల్లో, ఆయన చెవి దగ్గర వంగి, "నాన్నగారూ, తప్పు నాది" అన్నాను. గొంతులో గొట్టం ఉండటంతో ఆయన మాట్లాడలేరు. సూది గుచ్చిన చెయ్యి వాచి ఉంది. ఆ చేతి బొటనవేలు నా చేతి మీద రెండుసార్లు కదిలింది. ప్రార్థన చేయకుండా బెంచీ మీదే కూర్చుని ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదని నాకు తెలుసు. అది నేను అడిగిన జవాబు కాదు. అడగకపోతే వచ్చేది కూడా కాదు.

దేవుడు మనలాగా కాలంలో ఒక రోజు తర్వాత ఇంకో రోజుగా బతకడు. 6వ శతాబ్దపు రోమను తాత్త్వికుడు బోయెతియస్ చెప్పినట్టు, ఆయనకు కాలమంతా ఒకే వర్తమానంగా ఎదుట ఉంటే, మనం ఇవాళ చేసే ప్రార్థన ఆయనకు ఆలస్యంగా అందేది కాదు. వారు వేడుకొనకముందే నేను ఉత్తరమిస్తాను అని యెషయా గ్రంథంలో ఆయన అన్న మాటను నేను ఈ అర్థంలోనే తీసుకుంటాను. అయిపోయినదని మనకు తెలిసిన సంగతిని వెనక్కి తిప్పమని అడగడం వేరు. ఎలా తేలిందో ఇంకా తెలియని సంగతి గురించి అడగడం వేరు. రెండోదానికి అభ్యంతరం ఏమీ నాకు కనబడదు.

పోయిన నెలలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కూతురికి మెడ దగ్గర గడ్డ కనిపిస్తే పరీక్షకు పంపారు, రిపోర్టు మర్నాడు ఉదయం ఇస్తామన్నారట. "అన్నయ్యా, రిపోర్టు ఈపాటికి తయారైపోయే ఉంటుంది. అయినా ప్రార్థన చేద్దాం" అన్నాడు. నేను మొదలుపెడతానేమోనని కాసేపు ఆగాడు. నేను కూడా వాడి కోసం ఆగాను. చివరికి వాడే మొదలుపెట్టాడు.