గోడ మూసేముందు గొడవ – బాత్రూమ్ రిపేరులో నా అనుభవం

నిన్న ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్, అంటే గోడ లోపలి చెక్క చట్రం తనిఖీ, పాసైంది. ఇప్పుడు దాన్ని మూసే షీట్‌రాక్ (జిప్సం పలకలు) బిగిస్తున్నారు, ఆ డ్రిల్ మోత వింటూనే ఇది రాస్తున్నాను.

మాది న్యూజెర్సీలో పాత ఇల్లు. కింది బాత్రూమ్ టైల్స్ పీకితే, ఏళ్ల తరబడి పైపు కారి, గోడ అడుగు చెక్క నల్లబడిపోయింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే బెల్లంలో దిగినట్టు దిగింది. పర్మిట్ సులువుగానే వచ్చింది. పైన జాయిస్టులకు (పై అంతస్తు నేలని మోసే అడ్డ దూలాలకు) ఊతం పెట్టి ఆ చెక్క మార్చడమూ సాఫీగానే అయిపోయింది.

అసలు తలనొప్పి ప్లంబర్‌తో మొదలైంది. వాష్‌బేసిన్ పైపు అడ్డంగా తీసుకెళ్ళడానికి వరసగా మూడు స్టడ్స్‌ని (గోడలో నిలువుగా ఉండే చెక్కల్ని) సగానికి పైగా కోసేశాడు! అది పై అంతస్తు బరువు మోసే గోడ. టూ బై ఫోర్ అనే ఆ చెక్క అసలు వెడల్పు మూడున్నర అంగుళాలే. బిల్డింగ్ కోడ్ (ఇళ్ళ నిర్మాణ నిబంధనలు) ప్రకారం బరువు మోసే గోడలో అందులో 25 శాతానికి మించి గాడి కొయ్యకూడదు, అంటే అంగుళం కూడా రాదు. రంధ్రమైతే 40 శాతం, అంటే 1.4 అంగుళాల దాకా ఒప్పుకుంటారు, కానీ ఒకటిన్నర అంగుళాల పైపు బయటి కొలతే 1.9 అంగుళాలు, ఎలా పడుతుంది? టేపు పెట్టి చూపించాను. కాంట్రాక్టర్ మనవాడే, తెలిసినవాళ్ళు చెప్తే వచ్చాడు. నాకు జవాబు చెప్పకుండా, గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా మామగారి వైపు తిరిగి, "అంకుల్, మీ అల్లుడుగారు ఆఫీసులో కోడ్ రాస్తారు కదా, గోడలకి కూడా రాస్తారట" అన్నాడు. పనివాళ్ళంతా నవ్వారు. మామగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గోడ మోస్తున్నది మా పిల్లల గదిని.

ఇన్‌స్పెక్టర్ వచ్చి, టార్చి వేసి, ఆ గాట్లలో వేలు పెట్టి చూశాడంతే, ఫెయిల్ చేశాడు. నేను చెప్పిన అంకెలే చెప్పాడు. మామగారు పక్కనే ఉండేలా ముందే చూసుకున్నాను, ఆయనకి తెలుగులో ఒక్కో మాటా చెప్పాను కూడా. కాంట్రాక్టర్ నోరెత్తలేదు. పైపుని నేరుగా బేస్‌మెంట్‌లోకి దించి, కోసిన ప్రతి స్టడ్ పక్కనా కింది నుంచి పైదాకా కొత్త చెక్క వేసి మేకులు కొట్టించాడు, అదీ తన ఖర్చుతోనే.

మీ ఇంట్లో ఇలాంటి పని జరిగితే, ప్లంబర్ వెళ్ళాక, గోడ మూసేముందే ఒక్కో స్టడ్‌నీ ఫోటో తీయండి. ఇక్కడ 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలని చట్టమే చెప్తోంది, "మనలో మనకి కాగితాలెందుకన్నా" అనేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి. ఆఖరి చెక్కు నేనింకా ఇవ్వలేదు, టైల్స్ పూర్తయ్యాకే.